మూడు వంతులా, మూడో వంతా? హోంవర్కులో చిక్కు తెచ్చిన మాట

అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి మా చెల్లెలి ఇంట్లో జరిగిన సంగతి ఇది. దాని కొడుకు ఆరో తరగతి. వాడు హోంవర్కు చేస్తుంటే పక్కనే మా అమ్మ కూర్చుని ఉంది. లెక్క ఇది: "ఒక తొట్టిలో 240 లీటర్ల నీళ్ళు ఉన్నాయి. అందులో మూడు వంతులు మొక్కలకు పోశారు. ఇంకా ఎన్ని లీటర్లు మిగిలాయి?"

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూనే "అరవై" అనేసింది. వాడు నోటుబుక్కులో 160 వేసి కింద రెండు గీతలు కొట్టేశాడు. "వన్ థర్డ్ కదా అమ్మమ్మా! 240ని మూడుతో భాగిస్తే 80. తీసేస్తే 160" అన్నాడు. "ఒరే నాన్నా, మూడొంతులు పోతే మిగిలేది పావేరా" అంది అమ్మ. ఇద్దరూ నావైపు చూశారు.

అమ్మ చెప్పిందే సరి. అయితే వాణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. బళ్ళో వాడు నేర్చుకున్నది 'మూడో వంతు'. ఇంట్లో వినేది 'మూడొంతులు'. గబగబా పలికితే రెంటికీ మధ్య ఒక ఓత్వం దీర్ఘం, చివర ఒక బహువచనం, అంతే తేడా. మొదటిది 1/3, రెండోది 3/4. 240 లీటర్ల తొట్టిలో ఆ దీర్ఘం ఖరీదు వంద లీటర్లు.

'మూడో వంతు'లో పేచీ లేదు. మూడు సమానమైన ముక్కలు చేస్తే అందులో ఒకటి. ఇక్కడ మూడు అనేది హారం. 'మూడు వంతులు'లో మూడు అనేది లవం. మరి హారం ఏది? మాటలో లేదు. అది నాలుగు అని వినేవాడే తెలుసుకోవాలి. పెద్దవాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుసు, పిల్లలకు తెలియదు.

నాలుగే ఎందుకు? మన పాత లెక్క అంతా నాలుగుతోనే నడిచింది కనక అని నా అభిప్రాయం. పావు, అర, ముప్పావు. పావులో పావు వీసం, అంటే 1/16. రూపాయికి పదహారణాలు కాబట్టి డబ్బు లెక్కా అదే దారి. 1957లో నయాపైసలు వచ్చినా మాట మారలేదు, ఈనాటికీ నిండైనదాన్ని 'పదహారణాల' అంటున్నాం. మా మేనల్లుడికి నేను చెప్పింది మాత్రం కోడి కథ. "చారాణా కోడికి బారాణా మసాలా" అంటారు కదా, కోడి నాలుగణాలు, మసాలా పన్నెండణాలు, మొత్తం రూపాయి. అందులో కోడి ఎంత? పావు. మసాలా? మూడొంతులు. నాలుగు పావలా బిళ్ళలు గీసి మూడు కొట్టేసి చూపించాను. "అయితే తొట్టిలో మిగిలింది కోడి" అన్నాడు వాడు. 160 కొట్టేసి 60 వేశాడు.

మీ ఇళ్ళలో ఈ మాట ఎలా వాడతారో, పిల్లలకు ఎలా చెబుతారో రాయండి.

కరీంనగర్ నుంచి ఒక టీచరమ్మ రాశారు:
సార్, మా క్లాసులో ఇంకో చిక్కు ఉంటది. 'నాలుగింట మూడు వంతులు' అని చెప్తే పిల్లలు 4/3 అని రాస్తరు. ముందు విన్న అంకెను పైన వేస్తరు, మరి వాళ్ళు ఇంగ్లీషుల చదివేది 'త్రీ ఫోర్త్స్', అండ్ల మూడు ముందు వస్తది. తీసివేతల గూడ గంతే. 'తొమ్మిదిలకెల్లి నాలుగు తీసెయ్' అంటే పెద్దది ముందు. 'సబ్‌ట్రాక్ట్ ఫోర్ ఫ్రమ్ నైన్' అంటే చిన్నది ముందు. నాలుగులకెల్లి తొమ్మిది ఎట్ల పోతది టీచర్ అని అడుగుతరు.

నా జవాబు:
టీచర్ గారూ, చాలా మంచి మాట పట్టుకున్నారు. తెలుగు ముందు మొత్తాన్ని చూపించి, ఆ తర్వాత అందులో ముక్కను చూపిస్తుంది. 'ఊళ్ళో సగం మంది', 'పదింట ఎనిమిది', 'నూటికి తొంభై', అన్నీ ఆ వరసే. ఇంగ్లీషులో ముక్క ముందు, మొత్తం వెనక. భిన్నాన్ని తెలుగులో చదివితే కింది నుంచి పైకి, ఇంగ్లీషులో పై నుంచి కిందికి అని ఒక్కసారి వేలు పెట్టి చూపిస్తే పిల్లలకు అందుతుంది. 'నాలుగింట' అంటే 'నాలుగింటిలో' అనే కదా. ఆ 'లో' వినిపించేలా పలికితే నాలుగు పైకి ఎక్కదు.

డాలస్ నుంచి ఒక తల్లి అడిగారు:
అన్నయ్య గారూ, మా పాపకు ఇదే నీళ్ళ గొడవ ఇంగ్లీషు గ్రామర్‌లో వచ్చింది. 'త్రీ ఫోర్త్స్ ఆఫ్ ది వాటర్' అన్నాక 'హ్యాజ్' పెట్టాలా, 'హ్యావ్' పెట్టాలా? మూడు అని ఉంది కదా అని నేను 'హ్యావ్' పెట్టించాను. తప్పని ఎర్ర సిరాతో సున్న చుట్టి పంపారు.

నా జవాబు:
చెల్లెమ్మా, మూడును పట్టించుకోవద్దు. 'ఆఫ్' తర్వాత ఏ మాట ఉందో దాన్నే చూడాలి. 'వాటర్' ఏకవచనం కాబట్టి 'హ్యాజ్'. అదే 'త్రీ ఫోర్త్స్ ఆఫ్ ది స్టూడెంట్స్' అయితే 'హ్యావ్'. ఈ సూత్రం మనకు కొత్త కాదు. 'మూడొంతుల నెయ్యి అయిపోయింది', 'మూడొంతుల మంది వెళ్ళిపోయారు'. మన క్రియ కూడా వంతుల్ని చూడటం లేదు, నెయ్యిని, మందిని చూస్తోంది.

మరి మీరు ఎందుకు పొరబడ్డారంటే, తెలుగులో నీళ్ళు బహువచనం. 'నీళ్ళు అయిపోయాయి' అంటాం, 'అయిపోయింది' అనం. పాలు, పెసలు, కందులు, వడ్లు ఇవన్నీ నిత్యబహువచనాలు. మనసులో 'నీళ్ళు అయిపోయాయి' అనుకుని చేత్తో 'హ్యావ్' రాశారు. తెలుగు లెక్కన అది సబబే. పాపకు రెండు వరసలు రాసి ఇవ్వండి: తెలుగులో బహువచనమై ఇంగ్లీషులో ఏకవచనమయ్యే నీళ్ళు, పాలు ఒక వైపు, రెండు భాషల్లోనూ ఏకవచనంగానే ఉండే బంగారం, నూనె, నెయ్యి మరో వైపు. రెండో వరసలో పాప ఎప్పుడూ తప్పు రాయదు, చూడండి.

(బియ్యం సంగతి ఎవరైనా తేల్చండి. మాట చూస్తే ఏకవచనంలా ఉంది, మా ఇంట్లో మాత్రం 'బియ్యం అయిపోయాయి' అనే అంటాం.)

గుంటూరు జిల్లా నుంచి ఒక పెద్దాయన రాశారు:
నాయనా, నాలుగు లెక్క గురించి నువ్వు చెప్పింది నిజం. పాత దస్తావేజుల్లో భిన్నాలకు వేరే గుర్తులు ఉండేవి. పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు. ముప్పావు రాయాలంటే మూడు నిలువు గీతలు. నాలుగు గీతలు ఉండవు, నాలుగైతే ఒకటి అయిపోతుంది కనక. పావుల చోట ఏమీ లేకపోతే వేసే గుర్తే హళ్ళి. 'హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న' అనే మాటలోని హళ్ళి అదే. 'ముప్పాతిక మువ్వీసం' అన్నదీ ఆ లెక్కే. ముప్పాతిక అంటే పన్నెండు వీసాలు, దానికి మూడు కలిపితే పదిహేను. పూర్తికి ఒక్క వీసం తక్కువ.

నా జవాబు:
బాబాయి గారూ, ఆ గుర్తులు 2008లో యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి, హళ్ళితో కలిపి ఏడు. ఫాంటు ఉంటే ఫోనులోనూ కనిపిస్తాయి. మూడు నిలువు గీతలు ఇవాళ మా వాడికి చూపిస్తాను.

విశాఖ నుంచి ఒక సభ్యుడు రాశారు:
నాకు మీ వాదన పూర్తిగా ఒప్పుదల కాలేదండి. మా ఇంట్లో 'రెండొంతులు అయిపోయింది' అంటే మూడింట రెండు అనే అర్థం. నాలుగింట రెండయితే సగం అనేవాళ్ళం కదా. కాబట్టి హారం ఎప్పుడూ నాలుగు అనలేం. ఎన్ని వంతులు చెప్పారో దానికి ఒకటి కలిపితే హారం వస్తుంది. చెప్పనిది ఆ మిగిలిన ఒక్క వంతు.

నా జవాబు:
మీరు చెప్పింది నా మాట కంటే గట్టిగా ఉంది. 'రెండొంతులు' నాకు తట్టలేదు. నాలుగు అలవాటు అవ్వడానికి పావు, అణాల లెక్క తోడ్పడి ఉంటుందని ఇప్పటికీ అనుకుంటున్నాను కానీ, మూల సూత్రం మీదే: ఇన్ని వంతులు పోయాయి, ఒక వంతు మిగిలింది. అమ్మ కూడా ఆ రాత్రి అన్నది అదే కదా, "మిగిలేది పావేరా" అని. మొదటి పోస్టులో నేను హారాన్ని నాలుగని తేల్చేసిన చోట మీ సవరణ చేరుస్తాను.

అయితే బడి లెక్కల్లో మాత్రం ఈ ఊహకు పని పెట్టకూడదు. పత్రికలు 'మూడింట రెండొంతుల మెజారిటీ' అని నిండుగా రాస్తాయి. ఆ 'మూడింట' లేకపోతే ఏమవుతుందో చదివేవాళ్ళకు తెలుసు. లెక్కల ప్రశ్న రాసేవారు కూడా 'నాలుగింట' అన్న నాలుగక్షరాలు మానకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు చాలా తరగతుల పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. అనుమానం వస్తే ఎదురు పేజీ చూడమని పిల్లలకు చెప్పండి. మా వాడి లెక్క పుస్తకంలోది కాదు, విడిగా రాయించింది, అందుకే చూసుకోవడానికి వీల్లేకపోయింది.

టీచర్ గారూ, ఇంకొక్కటి. మీ వైపు మామూలు మాటల్లో 1/3ని ఏమంటారు? పావు, అర, ముప్పావు అందరి నోళ్ళలోనూ ఉన్నాయి. 1/3కి అలా చిన్న సొంత పేరు మా వైపు వినలేదు.