చెస్ ఓపెనింగ్ బుడాపెస్ట్ గాంబిట్‌లో తెల్లవాళ్ళ సి5 ఎత్తుకు జవాబేంటి?

నల్లపావులతో డి4కి బుడాపెస్ట్ (మొదట్లోనే ఒక పాన్, అంటే బంటు, బలిచ్చే ఓపెనింగ్) ఆడుతున్నాను. రేటింగ్ 1500 చుట్టూ, 15 నిమిషాల ఆటలు. లైన్ ఇది: 1. డి4 నైట్ ఎఫ్6 2. సి4 ఇ5 3. డి పాన్‌తో ఇ5 తినడం, నైట్ జి4 4. బిషప్ ఎఫ్4 నైట్ సి6 5. నైట్ ఎఫ్3 బిషప్ బి4 చెక్ 6. బి1 నైట్ డి2 క్వీన్ ఇ7 7. ఏ3, అప్పుడు జి4 నైట్‌తో ఇ5 తింటాను. ఇక్కడ తెల్లవాళ్ళు ఏ3 పాన్‌తో నా బిషప్‌ని తింటే నైట్ డి3 మేట్, కానీ ఇప్పుడు ఎవరూ ఆ తప్పు చేయట్లేదు. ఇ5లో నైట్లు మార్చుకుని, ఇ3 ఆడి, నేను డి2లో తిన్నాక క్వీన్‌తో తిరిగి తింటున్నారు. వాళ్ళకి రెండు బిషప్‌లు మిగులుతాయి, తర్వాత బిషప్ ఇ2, క్యాజిలింగ్, బి4, సి5.

డి6, క్యాజిలింగ్ తర్వాత బి6 పెట్టి సి5 ఆపుదామనుకున్నాను, అయినా వెంటనే సి5 వేశారు, డి పాన్‌తో తింటే క్వీన్ డి5కి వచ్చి ఇ5 నైట్‌నీ ఏ8 రూక్‌నీ ఒకేసారి పట్టేసింది. బదులుగా ఏ5 వేసి చూశాను, బి4 ఎలాగూ వచ్చింది, పాన్లు, రూక్‌లు మారాక 'ఏ' ఫైల్ (నిలువు వరుస) పూర్తిగా వాళ్ళ చేతికి పోయింది. ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) చూపించే ఎత్తులకి కారణం అర్థం కావట్లేదు. ఓపెనింగ్ మాత్రం వదలాలని లేదు, నాకు చాలా ఇష్టం.

తెల్లవాళ్ళు డి2లో క్వీన్‌తో తిన్నాక, సి5ని తట్టుకోవాలంటే నా పాన్లు, తెల్లగడి బిషప్ ఎక్కడ పెట్టాలి?