అప్‌డేట్: టైగర్-1 ట్యాంక్ మోడల్ సస్పెన్షన్ ఆర్మ్‌లు ఎందుకు విరిగాయో తేలింది

1/35 స్కేలు ప్లాస్టిక్ టైగర్-1 ట్యాంక్‌కి పిన్ వాష్ (సందుల్లోకి పారేలా పలచన చేసిన ముదురు రంగు) వేశాక, చక్రాలు తగిలించే సస్పెన్షన్ ఆర్మ్‌లు మొదలు దగ్గర పుటుక్కున విరుగుతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కారణం వాష్‌లోని ఎనామిల్ థిన్నరే (రంగును పలచన చేసే ద్రవం). ఆర్మ్ బిగుతుగా దూరే చోట ప్లాస్టిక్ ఒత్తిడిలో ఉంటుంది; అక్కడ థిన్నర్ నిలిస్తే పగుళ్లిస్తుంది. జిగురుకీ ప్రైమర్‌కీ సంబంధం లేదు.

పనిచేసింది ఇత్తడి తీగ సలహా. విరిగిన రెండు ముఖాలకూ 0.8 మి.మీ. రంధ్రం, అదే మందం తీగ, 5 నిమిషాల్లో పట్టే ఎపాక్సీ జిగురు. సూపర్ గ్లూ అయితే సర్దే టైం ఉండదు, పైగా టైగర్ చక్రాలు ఒకదాని మీదికొకటి వస్తాయి కాబట్టి పక్కకి 8 ఆర్మ్‌లూ ఒకే మట్టంలో ఉండాల్సిందే. ఎపాక్సీ పట్టేలోపే స్టీలు స్కేలు ఆనించి చూడండి.

మిగతా ఆర్మ్‌లకి యాక్రిలిక్ గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేసి, అది పూర్తిగా ఆరాక, వాష్ కుంచె కొసతో చుక్కలుగానే వేశాను. ఒక్కటీ విరగలేదు.