20 రోజులు ఖాళీ ట్యాంకు నడిపినా గోల్డ్‌ఫిష్ చచ్చిపోయింది. ఈ ‘సైక్లింగ్’ నిజంగా అవసరమా?

కొత్తనీళ్ళు:
60 లీటర్ల ట్యాంకు. నీళ్ళు నింపి, యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, ఫిల్టర్ పెట్టి 20 రోజులు ఒక్క చేప లేకుండా నడిపాను. ‘ముందు ట్యాంకు సైకిల్ అవ్వాలి’ అని ఎక్కడ చూసినా అదే మాట కదా. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అప్పుడు మూడు చిన్న ఒరాండాలు (గోల్డ్‌ఫిష్‌లో ఒక రకం) వదిలాను. నాలుగో రోజు నుంచి మూడూ నీటి పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. ఆరో రోజు పొద్దున చిన్నది అడుగున ఒరిగిపోయి ఉంది. మా పాప లేచేలోపు తీసేశాను. మా బాబాయి కొత్త ట్యాంకు పెట్టిన రోజే చేపలు వేస్తాడు, ఆయన చేపలకు ఏమీ కాదు. మరి నేను కాచుకున్న 20 రోజులూ దండగేనా?

పాతతొట్టి:
దండగే. మా రోజుల్లో సైకిలూ లేదు, స్కూటరూ లేదు. ప్రతి ఆదివారం నీళ్ళు మొత్తం పారబోసి, రాళ్ళూ ఫిల్టర్ స్పాంజీ కుళాయి కింద తెల్లగా కడిగి మళ్ళీ నింపుతాను. మీరూ అదే చేయండి.

చుక్కలవాడు:
కొత్తనీళ్ళు గారూ, ఆ 20 రోజుల్లో ట్యాంకులో ఏమైనా వేశారా? అమ్మోనియా, పోనీ చిటికెడు చేప మేత?

కొత్తనీళ్ళు:
లేదండీ. ఖాళీగా నడపమన్నారు, నడిపాను.

చుక్కలవాడు:
అక్కడే దెబ్బ తగిలింది. మీరు పొయ్యి వెలిగించి దాని మీద ఖాళీ గిన్నె పెట్టి కూర్చున్నారు.

చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. మిగిలిన మేత కుళ్ళినా వచ్చేది అదే. దాన్ని ఒక రకం బాక్టీరియా తిని నైట్రైట్ చేస్తుంది, ఆ నైట్రైట్‌ను ఇంకో రకం తిని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలే. మూడోది కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది, వారం వారం కొంత నీరు మారిస్తే అదీ తగ్గుతుంది. ఈ బాక్టీరియా ట్యాంకులో స్థిరపడటమే సైక్లింగ్, అయితే ఇవి పెరగడం మహా నిదానం. మామూలు సూక్ష్మజీవులు అరగంటలో రెట్టింపైతే వీటికి రోజు దాకా పట్టొచ్చు. అందుకే 4 నుంచి 6 వారాలు అంటారు. అయితే ఆ వారాలన్నీ వాటికి తిండి ఉండాలి. తిండే లేని ట్యాంకులో 20 రోజులైనా 200 రోజులైనా ఒకటే. నీళ్ళు అద్దంలా ఉండటానికీ దీనికీ సంబంధం లేదు, అమ్మోనియా కంటికి కనపడదు.

అందుకే నా పద్ధతి ఒకటే. చేప తేకముందే నీటిలో 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేలా అమ్మోనియా వేయాలి, చుక్కల టెస్ట్ కిట్‌తో చూసుకోవాలి. వేసిన అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపించిన రోజు చేప తేవాలి. ఏ ప్రాణినీ కష్టపెట్టకుండా అయిపోతుంది.

సగంబకెట్:
చుక్కలవాడు చెప్పిన సైన్సుతో నాకు పేచీ లేదు, చెప్పే తీరుతోనే. ‘చేప తేకముందే’ అంటే ఇప్పటికే రెండు చేపలున్న మనిషి ఏం చేయాలి? వెనక్కిస్తే అవి వెళ్ళేది ఇంకో ఇరుకు ట్యాంకులోకే. నేను రెండు ట్యాంకులు చేపలతోనే మొదలుపెట్టాను, ఒక్కటీ పోలేదు. రోజూ టెస్ట్ చేయాలి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ కలిపి 0.5 దాటితే నీళ్ళు మార్చాలి, మేత బాగా తగ్గించాలి. ఆరు వారాలు బకెట్లు మోసే ఓపిక ఉందా లేదా, అంతే. ఓపిక లేనివాళ్ళకు మాత్రం చుక్కలవాడి దారే మంచిది.

కొత్తనీళ్ళు గారూ, ముందు టెస్ట్ చేసి అంకెలు చెప్పండి.

కొత్తనీళ్ళు:
కిట్ తెచ్చాను. అమ్మోనియా చుక్కలు వేసి ఊపితే మొదట పసుపుగానే ఉంది, హమ్మయ్య అనుకున్నాను. ఐదు నిమిషాలకు చిక్కటి ఆకుపచ్చ. చార్టులో 4 పక్కన పెట్టి చూస్తే తేడా లేదు. నైట్రైట్ సున్నా. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 8. టెన్షన్‌గా ఉంది.

సగంబకెట్:
పీహెచ్ 8 కావడం ఇంకా చెడ్డది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో అర శాతం చుట్టూ మాత్రమే విషరూపంలో ఉంటుంది, 8కి వచ్చేసరికి అది 5 శాతం దాటుతుంది. ఇవాళే సగం నీళ్ళు మార్చండి, రాత్రికి మళ్ళీ సగం. రేపటి నుంచి రోజుకు సగం. కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్ తప్పనిసరి. చెయ్యి పెట్టి చూస్తే రెండు నీళ్ళ వేడీ ఒకేలా ఉండాలి. రెండు రోజులు మేత ఆపండి, గోల్డ్‌ఫిష్‌కు ఏమీ కాదు. ఎయిర్ పంప్ ఉంటే పెట్టండి.

పాతతొట్టి:
చూశారా, చివరికి నీళ్ళే మార్చమంటున్నారు! నేను మొదట చెప్పింది అదే కదా.

చుక్కలవాడు:
నీళ్ళు మార్చడం వేరు, స్పాంజి కడగడం వేరు అన్నగారూ. ఆ బాక్టీరియా నీళ్ళలో కంటే స్పాంజిలో, రాళ్ళ మీదే ఎక్కువ. మీరు ప్రతి ఆదివారం క్లోరిన్ నీళ్ళతో దాన్నే చంపి, సోమవారం నుంచి మళ్ళీ కొత్త ట్యాంకు మొదలుపెడుతున్నారు. ట్యాంకు లోంచి తీసిన నీళ్ళలోనే స్పాంజిని రెండుసార్లు పిండితే చాలు. ఒక మాట అడుగుతాను, మీ చేపలు ఎన్నేళ్ళు ఉంటాయి?

పాతతొట్టి:
రెండేళ్ళు, మూడేళ్ళు. చేప ఆయుష్షు అంతే కదా.

చుక్కలవాడు:
కాదు. బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్ళు మామూలు విషయం. 1956లో ఇంగ్లండ్‌లో ఒక సంతలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్ళు బతికింది.

పాతతొట్టి:
లక్షల్లో ఒకదాన్ని చూపించి అందరినీ దాంతో కొలుస్తారా? నా చేపలు కళకళలాడుతూ తిరుగుతున్నాయి. రంగుల సీసాలు పట్టుకుని కూర్చునే తీరిక ఉన్నవాళ్ళకు మీ లెక్కలు.

మొద్దుచేప:
మొత్తం నీళ్ళు మార్చే విషయంలో నా అనుభవం ఒకటి. మూడు నెలలు బద్ధకించి నీళ్ళు ముట్టుకోలేదు. చేప బాగానే ఉంది. ఒకరోజు బుద్ధి పుట్టి మొత్తం మార్చేశాను, సాయంత్రానికి పోయింది. తర్వాత తెలిసింది, అన్నాళ్ళలో పాత నీటి పీహెచ్ మెల్లగా పడిపోయి ఉంటుందట. చేప దానికి అలవాటు పడింది, ఒక్కసారిగా కొత్త నీళ్ళు తట్టుకోలేకపోయింది. పాత ట్యాంకుకు కొద్దికొద్దిగానే మార్చాలి. కొత్తనీళ్ళు గారి ట్యాంకులో చేపలు పడి ఇంకా వారమే, కుళాయి నీటికీ దానికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి సగం మార్చినా పర్వాలేదు.

ఇంకోటి, శుభ్రంగా ఉంటాయని ఆర్వో నీళ్ళు మాత్రం పోయకండి. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలబడదు.

లీటరులెక్క:
సైక్లింగ్ గొడవ తేలినా ఒకటి మిగులుతుంది. 60 లీటర్లకు మూడు ఒరాండాలు ఎక్కువ. ఒక్కదానికే 75 లీటర్లు, ఆపై ఒక్కోదానికి ఇంకో 40 అనుకోవాలి. పోయినదాని చోట కొత్తది తేకండి.

కొత్తనీళ్ళు:
అలాగేనండీ, తేను. ఇవాళ బాబాయికి ఫోన్ చేశాను. ‘మొదటి రోజే చేపలు వేసినా మీకెలా బతుకుతాయి’ అని అడిగితే, ‘కొత్త ట్యాంకు పెట్టినప్పుడల్లా పాత ట్యాంకు ఫిల్టర్ పీకి దానికే తగిలిస్తాను, కొత్త ఫిల్టర్ చప్పుడు ఎక్కువ’ అన్నాడు!

సగంబకెట్:
హహ, ఆయన ఎప్పుడూ సైకిల్ అయిన ట్యాంకుతోనే మొదలుపెడుతున్నాడు, ఆయనకే తెలియదు. ఆయన చేపలు జబ్బు లేకుండా ఉంటే ఆ స్పాంజిలో సగం అడిగి తెచ్చుకోండి. వాళ్ళ ట్యాంకు నీళ్ళలోనే తడిగా తేవాలి, ఆరకూడదు. మీ ఫిల్టర్‌లో పెట్టేయండి. నీళ్ళు మార్చడం మాత్రం ఆపొద్దు.

చుక్కలవాడు:
నైట్రైట్ పెరిగితే లీటరుకు గ్రాము చొప్పున ఉప్పు కరిగించి కలపండి. మొప్పల దగ్గర నైట్రైట్ లోపలికి పోకుండా ఉప్పులోని క్లోరైడ్ అడ్డుకుంటుంది.

కొత్తనీళ్ళు:
12 రోజుల తర్వాత వస్తున్నాను. బాబాయి స్పాంజి పెట్టిన నాలుగో రోజుకే అమ్మోనియా 0.5కి దిగింది. మధ్యలో నైట్రైట్ గొట్టం ఊదారంగుకు తిరిగింది, ఉప్పు వేశాను. ఇవాళ రెండూ సున్నా. రెండు చేపలూ కిందే తిరుగుతూ రాళ్ళు నోట్లోకి తీసుకుని ఉమ్ముతున్నాయి. కానీ పెద్దదాని తోక అంచున, మొప్ప పక్కన నల్లమచ్చలు వస్తున్నాయి. ఇది ఏం రోగం? మందు వేయాలా?

సగంబకెట్:
అమ్మోనియాకు కాలిన చోట మానేటప్పుడు అలా నల్లబడుతుంది. అంకెలు సున్నాలో ఉంటే వారాల్లో మెల్లగా పోతుంది. మందు వేయకండి, స్పాంజిలో పెరిగింది కూడా దెబ్బతినొచ్చు.