సంగీత నాటక అకాడమీ చేతిలో అవార్డులేనా, గ్రాంటు డబ్బు కూడా ఉండాలా?

చిడతలు:
సంగీతం, నాట్యం, నాటకాలకి కేంద్రం పెట్టిన సంస్థ సంగీత నాటక అకాడమీ. దాని ఛైర్మన్‌ని రాష్ట్రపతి నియమిస్తారు, ఐదేళ్లకి. దాన్ని నడిపే జనరల్ కౌన్సిల్‌లో కేంద్రం పంపినవాళ్లు, రాష్ట్రానికి ఒక్కరు, పేరున్న కళాకారులు కొందరు ఉంటారు. కానీ గురువుకీ శిష్యులకీ నెలనెలా ఇచ్చే రిపర్టరీ గ్రాంటు మాత్రం సాంస్కృతిక శాఖ పథకం. అది కూడా అకాడమీకే అప్పగించాలంటాను. మీరేమంటారు?

ఫైలు:
ఒప్పుకోను. అది జనం డబ్బు. రేపు పార్లమెంటులో అడిగితే జవాబు చెప్పాల్సింది మంత్రి. కళాకారుల చేతికిస్తే ఏమవుతుంది? గురువుగారు కమిటీలో కూర్చుంటే శిష్యుడికి గ్రాంటు. అదే అధికారికైతే ఏ బాణీ అయినా ఒకటే.

మద్దెల:
గురుశిష్యుల బెడద నిజమే, కాదనను. కానీ "ఏ బాణీ అయినా ఒకటే" అన్న మాట దగ్గరే నాకు బాధ.

మా మేనమామది తోలుబొమ్మలాట బృందం. పోయినేడు ఒక గ్రాంటుకి ఆయన అప్లికేషన్ నేనే నింపాను. సొసైటీ రిజిస్ట్రేషన్, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, పేపర్లో పడ్డ వార్తల కటింగులు అడిగారు. మామ దగ్గరున్నది ఒక వెదురు పెట్టె. రావణుడి బొమ్మకి మోచేతి దగ్గర తోలు చిరిగితే నల్లదారంతో కుట్టుకున్నాడు. రాత్రి ఆట మొదలెడితే తెల్లారేదాకా పుస్తకం ముట్టకుండా పద్యాలు పాడతాడు. అది ఏ కాలమ్‌లో రాయను? ఆయన ఆడే ఊళ్లకి పేపరోళ్లు రారు. కటింగులు లేవని ఫైలు తిరిగొచ్చింది.

లెక్కలు అధికారులే చూడనివ్వండి. ఎవరికివ్వాలో మాత్రం ఆట చూసినవాళ్లు తేల్చాలి. బ్రిటన్‌లో 1946 నుంచి ఆర్ట్స్ కౌన్సిల్ పద్ధతి అదే. డబ్బు ప్రభుత్వానిది, ఎంపిక కౌన్సిల్‌ది. అయినా పార్లమెంటుకి లెక్క చెప్పడం తప్పలేదు. 1953లో మన అకాడమీ మొదలైనప్పుడు తొలి ఛైర్మన్ పి.వి. రాజమన్నార్. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, తెలుగులో నాటకాలు రాసినాయన. చట్టమూ స్టేజీ రెండూ తెలిసిన మనుషులు మనకి లేకపోలేదు.

కృష్ణాతీరం:
మద్దెల గారూ, ఆట తెలిసినవాళ్లూ పొరపాటు పడతారండీ. 1958లో ఢిల్లీలో ఇదే అకాడమీ పెట్టిన నృత్య సెమినార్‌లో కూచిపూడి శాస్త్రీయ నృత్యమేనా అన్న పేచీ వచ్చింది. మరుసటేడు హైదరాబాద్‌లో సదస్సు పెట్టి మనవాళ్లు నిరూపించుకోవాల్సి వచ్చింది. కథక్‌కి ఢిల్లీలో, మణిపురికి ఇంఫాల్‌లో, కేరళ సంస్కృత నాటకం కూటియాట్టానికి తిరువనంతపురంలో అకాడమీ సంస్థలున్నాయి. కూచిపూడికి అలాంటిది ఏది? రాష్ట్రానికి ఒక్కరే కౌన్సిల్‌లో ఉంటే మన గొంతు ఎంత వినబడుతుంది? మన రాష్ట్ర అకాడమీలేమో 1980ల్లోనే రద్దయిపోయాయి.

ఫైలు:
చూశారా, నేనన్నదీ అదే.

మద్దెల:
కాదండీ. 1958లో తప్పు జరిగితే మరుసటేడు సదస్సులో ఎదురు వాదించగలిగారు, ఎందుకంటే అన్నదెవరో, ఏమన్నారో తెలుసు కాబట్టి. మా మామ ఫైలు ఎవరు చూశారో ఇప్పటికీ మాకు తెలియదు. ఎంపిక చేసినవాళ్ల పేర్లు, కారణం రాసి బయటపెట్టమనండి. తన శిష్యుడి ఫైలు వస్తే ఆ గురువుని పక్కకి లేవమనండి. ఊరికొచ్చి ఒక్క రాత్రి ఆట చూడమనండి. రాష్ట్రానికి ఒక్కరు చాలరన్న కృష్ణాతీరం గారి మాటకి నేనూ ఓటేస్తాను.

శివరాత్రికి మామ ఆట ఉంది. ఈసారి వీడియో తీసి, పెద్దల సంతకాలతో మళ్లీ పంపుతున్నాం.