క్యారెట్‌కి నారు పోసి నాటొచ్చా?

బాల్కనీ_కొత్త: అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్. ట్రేలో వేసిన క్యారెట్ గింజలు మొలిచి రెండాకులు వచ్చాయి. వాటిని 12 అంగుళాల లోతున్న గ్రో బ్యాగ్‌లోకి మార్చొచ్చా? ఇప్పుడు నవంబరు రెండో వారం కదా, ఆలస్యమైందా?

ఎర్రమట్టి: ఆలస్యం కాలేదు, కానీ మార్చకండి. క్యారెట్‌లో మనం తినేది తల్లివేరే. మార్చేటప్పుడు దాని కొస తెగితే దుంప చీలుతుంది, లేదా పొట్టిగా ఉండిపోతుంది. వంగకీ టమాటాకీ నారు పోస్తాం కదా అని దీనికీ పోయకూడదు. నేరుగా విత్తాలి.

మేడమీద_తోట: నేను నారు మార్చే పెంచానండీ. వచ్చాయి.

ఎర్రమట్టి: వచ్చాయి సరే, ఎలా వచ్చాయి?

మేడమీద_తోట: కొన్ని రెండు కాళ్లతో వచ్చాయి. తురిమాక కాళ్లెక్కడ కనిపిస్తాయి?

గోంగూర_బుజ్జి: 😂😂 హల్వాకి ఓకే.

ఎర్రమట్టి: నవ్వులాట కాదు. నారు ఒక్కటే కాదు, మట్టిలో రాళ్లున్నా, మాగని పశువుల ఎరువు వేసినా చీలుతుంది. మట్టి జల్లించి, వర్మీకంపోస్టూ కోకోపీటూ (కొబ్బరిపొట్టు) కలిపి, గింజను అర సెంటీమీటరు లోతున వేయాలి. మొలిచేదాకా పైతడి ఆరకూడదు. తడి గోనె కప్పి, మొలక కనపడగానే తీసేయాలి. తర్వాత రెండు మూడు అంగుళాలకొకటి ఉంచి, మిగతావి గోటితో గిల్లేయాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

విత్తనాల_డబ్బా: ముందు ఏ రకమో చెప్పండి. నాంటిస్ రకానికి చలి కావాలి. మన ఎండకి పూసా రుధిర లాంటి ఎర్రరకాలు నయం.

మేడమీద_తోట: అదిగో ఎర్రమట్టి గారూ, మళ్లీ పాఠం మొదలెట్టారు. పోయినేడు నా ఫొటో కింద "ఇది క్యారెట్టా, అల్లమా?" అని రాసింది మీరే. వాటిని పీకింది మా అబ్బాయి. అది చదివాక వాడు మళ్లీ మేడెక్కలేదు.

ఎర్రమట్టి: సరదాకి అన్నాను. అయినా వేరు తెగడానికీ దానికీ ఏం సంబంధం?

మేడమీద_తోట: ఉంది! ఎవరు ఏ ఫొటో పెట్టినా మీకు తప్పులే కనిపిస్తాయి. ఉత్త క్యారెట్ కోసమే అయితే రైతుబజారు లేదా? ఇంత మట్టి మూడంతస్తులు ఎవరు మోస్తారు?

ఎర్రమట్టి: మీరేమో అన్నిటికీ "సూపర్ అండీ" అంటారు. మన దగ్గర క్యారెట్‌కి ఉన్నదే ఒక్క చలికాలం. మూడు నెలలు నీళ్లు పోశాక చిటికెనవేలంత దుంప వస్తే మళ్లీ ఎవరు వేస్తారు? మా ఆవిడ అలాగే మానేసింది. నర్సరీవాడు క్యారెట్ నారు అని అంటగట్టాడు, ఇక్కడ అడిగితే అందరూ "బాగుంది, నాటేయండి" అన్నారు. అందులో మీరూ ఉన్నారు.

మేడమీద_తోట: ఆవిడ మీ ఆవిడని నాకేం తెలుసు?

విత్తనాల_డబ్బా: రకం ఏమిటో ఇంకా చెప్పలేదు.

బాల్కనీ_కొత్త: ప్యాకెట్ మీద క్యారెట్ అని మాత్రమే ఉందండీ. సార్, మేడం, ట్రేలో మొక్కలు వాలిపోతున్నాయి. ఇప్పుడేం చేయను?

ఎర్రమట్టి: గింజలు మిగిలుంటే ఈరోజే బ్యాగ్‌లో నేరుగా వేయండి.

మేడమీద_తోట: ట్రేలోవి పారేయొద్దు. మట్టిగడ్డ విడిపోకుండా ఇంకో కుండీలో పెట్టండి. దుంప తల బయటికొస్తే మట్టి ఎగదోయండి, లేకపోతే ఎండకి పచ్చబడుతుంది. ఫిబ్రవరిలో రెండిటి ఫొటోలూ పెట్టండి.

ఎర్రమట్టి: పక్కపక్కన పెట్టి తీయండి. తురమకముందు.