‘శాలరీ క్యాప్’కు తెలుగులో ఏమందాం? ‘సమఉజ్జీ’ ఇక్కడ పనికొస్తుందా?

పటమట, విజయవాడ:
అందరికీ నమస్కారం. మా కాలేజీ పత్రికకు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మీద వ్యాసం రాస్తున్నాను. శాలరీ క్యాప్‌ని ‘వేతన పరిమితి’ అనీ, కాంపిటీటివ్ బ్యాలెన్స్‌ని ‘పోటీ సమతుల్యత’ అనీ రాశాను. చదివిన స్నేహితుడు “అంటే ఏ ఆటగాడికీ ఇంతకంటే ఎక్కువ ఇవ్వకూడదా?” అని అడిగాడు. ఇంకా మంచి మాటలుంటే పెద్దలు చెప్పండి.

బ్రాడీపేట, గుంటూరు:
మీ స్నేహితుడి అనుమానంలో న్యాయం ఉందండి. ‘వేతన పరిమితి’ అనగానే ఒక్కొక్కరి జీతం గురించే అనుకుంటాం. క్యాప్ ఉండేది జట్టు మొత్తం జీతాల మీద. 1984-85లో జట్టుకు 36 లక్షల డాలర్లు, 2024-25కి 14 కోట్లు దాటింది. ఇది కాక ఒక్కో ఆటగాడికీ విడిగా హద్దుంది. లీగ్‌లో ఎన్నేళ్లు ఆడాడన్న దాన్ని బట్టి మామూలుగా క్యాప్‌లో 25, 30 లేదా 35 శాతం. రెంటినీ ‘పరిమితి’ అంటే చదివేవాళ్లకు ఏది ఏదో తెలియదు. మొదటిదాన్ని ‘జట్టు జీతాల పద్దు’ అనండి, రెండోదాన్ని ‘గరిష్ఠ జీతం’ అనండి.

పద్దు అనడానికి ఇంకో కారణం, దాన్ని మించొచ్చు. సొంత ఆటగాణ్ని నిలుపుకోవడానికి జట్టు క్యాప్ దాటి కూడా ఇవ్వొచ్చు, బోస్టన్ జట్టు పాత ఆటగాడు లారీ బర్డ్ పేరుతో పిలిచే మినహాయింపు అదే. మరీ పైకి పోతే లగ్జరీ ట్యాక్స్ పడుతుంది. దీన్ని దయచేసి ‘విలాస పన్ను’ అనకండి, విలాసానికీ దీనికీ సంబంధం లేదు. ‘అధిక జీతాల పన్ను’ అంటే చాలు. వసూలైన దాంట్లో కొంత, పన్ను కట్టనవసరం లేని జట్లకు పంచుతారు.

ఇక కాంపిటీటివ్ బ్యాలెన్స్ సంగతి. ‘సమతుల్యత’ తక్కెడ మాట, ‘సమఉజ్జీ’ ఆట మాట. ఉజ్జీ, ఉద్ది ఒకటే. మా చిన్నప్పుడు చెడుగుడుకు జట్లు పంచుకునేటప్పుడు, సమానంగా ఆడే ఇద్దరు పక్కకు వెళ్లి చెరో మారుపేరు పెట్టుకుని, భుజాల మీద చేతులేసుకుని వచ్చి “మల్లెపువ్వు కావాలా, మామిడిపండు కావాలా?” అని నాయకుల్ని అడిగేవాళ్లు. ఒకరు ఏది కోరుకున్నా, అవతలి జట్టుకూ అంతటివాడే వెళ్లేవాడు. వాళ్లిద్దరూ ఉద్దులు. గెలుపోటములు సమానంగా పంచడం ఎవరికీ అక్కర్లేదు, ఆట మొదలయ్యే ముందు బలాలు సరిపోవాలి. మీరు రాస్తున్న విషయం కూడా సరిగ్గా ఇదే.

సత్యనారాయణపురం, విజయవాడ:
మాట చక్కగా ఉందండి. కానీ పద్దు పెట్టినంత మాత్రాన సమఉజ్జీలయ్యారా? 2016లో క్యాప్ 7 కోట్ల డాలర్ల నుంచి ఒక్కసారిగా 9 కోట్ల 41 లక్షలకు పెరిగింది. ఆ వెసులుబాటుతోనే, అప్పటికే సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ జట్టు, మేటి ఆటగాడు కెవిన్ డురాంట్‌ని తెచ్చుకుంది. 2017, 2018 టైటిళ్లు రెండూ వాళ్లవే.

బ్రాడీపేట, గుంటూరు:
నిజమేనండి, అందులో గరిష్ఠ జీతం పాత్ర కూడా ఉంది. మేటి ఆటగాడికి అతని విలువంత ఎవరూ ఇవ్వలేరు. ఎక్కడికెళ్లినా జీతం దాదాపు అంతే అయినప్పుడు గెలిచే జట్టు వైపే చూస్తాడు కదా. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2023 ఒప్పందంలో ‘సెకండ్ ఏప్రన్’ అని పన్ను గీతకు పైన ఇంకో హద్దు పెట్టారు. అది దాటాక పన్ను కట్టేస్తే సరిపోదు, ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోవడం కూడా కుదరదు. 2024 విజేత బోస్టన్ 2025 వేసవిలో తన ముఖ్య ఆటగాళ్లు జ్రూ హాలిడేనీ, పోర్జింగిస్‌నీ వదులుకుంది అందుకే. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి. అదంతా ఈ హద్దు వల్లేనని అనను, వాటిలో చాలా టైటిళ్లు దానికి ముందువే. వ్యాసంలో దాన్ని ‘రెండో హద్దు’ అని రాయండి, అర్థమవుతుంది.

పటమట, విజయవాడ:
చాలా థ్యాంక్సండి. శీర్షిక ‘సమఉజ్జీల కోసం జీతాల పద్దు’ అని మార్చేశాను. ‘సమ ఉజ్జీ’ అని విడదీయాలా, కలిపే రాయాలా?

బ్రాడీపేట, గుంటూరు:
కలిపే రాయండి. సంధి చేసి ‘సమోజ్జీ’ మాత్రం చేయకండి. ఉజ్జీ తెలుగు మాట, గుణసంధి సంస్కృత పదాల మధ్యే.