అప్పుకి గవర్నమెంటు సంతకం: ఫస్ట్ నేషన్స్‌కి పైప్‌లైన్ వాటాలు, మీరేమంటారు?

#1 కాల్గరీ_బావ
అందరికీ నమస్తే. కెనడాలో, ఈ ఆల్బర్టాలో ఉన్నవాళ్ళం రోజూ వింటున్నదే, ఐనా అడుగుతున్నా. ఇక్కడి ఆదివాసీలు, అంటే ఫస్ట్ నేషన్స్, మేటీ వాళ్ళు పైప్‌లైన్లలో, గ్యాస్ ప్రాజెక్టుల్లో, కరెంటు లైన్లలో వాటా కొనుక్కోడానికి తెచ్చే అప్పుకి ఫెడరల్ గవర్నమెంటు గ్యారంటీ ఇస్తోంది. 2024 బడ్జెట్‌లో 5 బిలియన్ డాలర్లు అన్నారు, 2025 మార్చికల్లా 10 బిలియన్ చేసేశారు. మొట్టమొదటి గ్యారంటీయే 400 మిలియన్, బ్రిటిష్ కొలంబియాలో ఎన్‌బ్రిడ్జ్ వాళ్ళ వెస్ట్‌కోస్ట్ గ్యాస్ లైన్‌లో 12.5 శాతం వాటాకి. నా ప్రశ్న ఒక్కటే. రేపు వాళ్ళు కట్టకపోతే ఎవరు కడతారు? నేను కర్రీ పాయింట్ పెట్టుకుంటానని బ్యాంకుకి వెళ్తే మూడేళ్ళ టాక్స్ కాగితాలు, ఇంటి కాగితాలు, మా ఆవిడ సంతకం అన్నీ తీసుకుని రెండు నెలలు తిప్పి చివరికి కుదరదన్నారు. నాకెవడిచ్చాడు గ్యారంటీ?

#2 నాని_విండ్సర్
కుర్చీ వేసుకుని కూర్చున్నా.

#3 సుజాత_ఎడ్మంటన్
బావగారూ, మీరు బ్యాంకుకి ఇంటి కాగితాలు పట్టుకెళ్ళారు కదా, రిజర్వ్ మీద, అంటే గవర్నమెంటు ఫస్ట్ నేషన్స్‌కి కేటాయించిన భూమిలో, ఉన్నవాళ్ళకి ఆ కాగితమే లేదండి. ఇండియన్ యాక్ట్ అని వాళ్ళ మీద కెనడా చేసిన చట్టం ఉంది, దాని 89వ సెక్షన్ ప్రకారం రిజర్వ్‌లో ఉన్న ఆస్తిని బయటి బ్యాంకు జప్తు చెయ్యడానికి లేదు. వినడానికి రక్షణలా ఉంటుంది, రక్షణే కూడా, కానీ జప్తు చెయ్యలేని ఆస్తి మీద ఏ బ్యాంకు అప్పిస్తుంది చెప్పండి. ఇస్తే వడ్డీ వాచిపోతుంది. మా నాన్నకి ఊళ్ళో రెండెకరాల డి-పట్టా ఉండేది, అమ్మడానికి లేదు, నా పెళ్ళికి డబ్బు కావాల్సొస్తే దాన్ని చూసి అప్పిచ్చినవాడు ఒక్కడు లేడు, పక్కింటాయన అదే సైజు జిరాయితీ మీద వారంలో తెచ్చుకున్నాడు. భూమి ఉంది, పంట ఉంది, పరపతి మాత్రం లేదు. ఇక్కడ జరిగింది అదే, దేశం మొత్తం మీద, నూటయాభై ఏళ్ళుగా. ఇంకోటి కూడా తెలుసుకోండి, 1927 నుంచి 1951 దాకా తమ భూమి గురించి కేసు వెయ్యడానికి చందాలు పోగుచెయ్యడం కూడా వాళ్ళకి నేరం. మీరు చెప్పిన వెస్ట్‌కోస్ట్ లైన్ 1957లో వేశారు. రిజర్వ్‌లో ఉన్నవాళ్ళకి ఫెడరల్ ఓటు వచ్చింది 1960లో. పైపు ముందొచ్చింది, ఓటు తర్వాతొచ్చింది. ఇప్పుడు ఆ పైపులో ఎనిమిదో వంతు కొనుక్కుంటామంటే మనకి కడుపుమంట.

#4 రావు_సీనియర్
ఇండియన్ యాక్ట్ అంటే మన వీసాల గురించేమో అనుకుని లోపలికొచ్చాను. మా అబ్బాయి బ్రాంప్టన్‌లో ఉంటాడు లెండి.

#5 కాల్గరీ_బావ
సుజాత గారూ 1927 చరిత్రకి నేను బాధ్యుణ్ణి కాదు. నేనొచ్చింది 2011లో. 2015లో ఆయిల్ రేటు పడిపోయినప్పుడు నా కాంట్రాక్టు పోయింది, పదకొండు నెలలు ఖాళీగా కూర్చున్నా, ఈ ఐ, అదే నిరుద్యోగ భత్యం, అయిపోయాక ఎవరూ ఎలా ఉన్నావని అడగలేదు. నేను కూడా ఈ దేశంలో టాక్స్ కడుతున్నా. కష్టాలున్న ప్రతివాడికీ గ్యారంటీ ఇస్తారా? అడిగిన దానికి జవాబు చెప్పండి, కట్టకపోతే ఎవరు కడతారు?

#6 లెక్కల_మాస్టారు
చిన్న సవరణ. 400 మిలియన్ గ్యారంటీ అన్నారు కానీ ఆ వాటా ఖరీదు 700 మిలియన్‌కి పైనే. కాబట్టి మొత్తం ఖరీదుకి గవర్నమెంటు గ్యారంటీ ఉన్నట్టు రాయకండి. మళ్ళీ 12.5 శాతం అంటే గ్యాస్‌లో కాదు, పైపులో. గ్యాస్ ఎవరిదో వాళ్ళదే, పైపు మీద వచ్చే అద్దెలో వాటా. చాలామంది కన్ఫ్యూజ్ అవుతున్నారు.

#7 సుజాత_ఎడ్మంటన్
మాస్టారు చెప్పింది కరెక్ట్. బావగారూ ఇదిగో జవాబు: కట్టకపోతే ఫెడరల్ గవర్నమెంటు కడుతుంది, గ్యారంటీ అంటేనే అది. కానీ ఈరోజు ఎవరూ మీ జేబులోంచి 400 మిలియన్ తీసి ఎవరికీ ఇవ్వట్లేదు. అప్పు ఇచ్చేది మార్కెట్, గవర్నమెంటు సంతకం ఉంది కాబట్టి వడ్డీ తగ్గుతుంది, పైపు అద్దె వచ్చినప్పుడల్లా ముందు వాయిదా కట్టి మిగిలింది ఊళ్ళకి పోతుంది. మన ఆల్బర్టాలో ఇదే పని 2019 నుంచి ప్రావిన్సు చేస్తోంది, అదీ ఆయిల్ అంటే ప్రాణం పెట్టే గవర్నమెంటు. 2022లో 23 ఫస్ట్ నేషన్స్, మేటీ ఊళ్ళు కలిసి అథాబాస్కా వైపు ఏడు పైప్‌లైన్లలో 11.57 శాతం కొన్నాయి, 1.12 బిలియన్‌కి, అందులో 250 మిలియన్‌కి ఆల్బర్టా గ్యారంటీ. అప్పుడు మీరు ఇక్కడ పోస్టు పెట్టినట్టు నాకు గుర్తులేదు. సరే గానీ మీ కర్రీ పాయింట్ నడుస్తోంది కదా, పోయిన నెల మా వాళ్ళు వచ్చి తిని వెళ్ళారు, గోంగూర బావుందన్నారు. బ్యాంకు కుదరదంటే ఎలా పెట్టారు?

#8 కాల్గరీ_బావ
మా బావమరిది సంతకం పెట్టాడు. వాడికి ఇల్లు ఉంది, అప్పు తీరిపోయిన ఇల్లు.

#9 నాని_విండ్సర్
హహహహ అయిపోయింది, థ్రెడ్ మూసేయండి

#10 కాల్గరీ_బావ
ఏంటి హహహ. అది మా కుటుంబం, వాడు ఇష్టపడి పెట్టాడు. నేను ఇష్టపడి పెట్టానా ఈ 10 బిలియన్‌కి? రెండూ ఒకటేనా?

#11 కొండ_గాలి
చాలాసేపటి నుంచి చదువుతున్నా, రాయకూడదనుకున్నా. మాది చింతపల్లి వైపు, కొండ మీద ఊరు. ఇప్పుడు సాస్కటూన్‌లో ఉంటున్నా. మీరిద్దరూ అప్పు గురించే మాట్లాడుతున్నారు. బావ గారు ఎవరు కడతారంటారు, సుజాత గారు వడ్డీ తగ్గుతుందంటారు. పైపు రావాలా వద్దా అని ఆ ఊరివాళ్ళని ఎవరైనా అడిగారా అన్నది ఎవరికీ పట్టలేదు.

మా దగ్గర సంగతి చెప్తా. 1997లో సమత తీర్పు వచ్చింది, అప్పటికి నేను చిన్నపిల్లాణ్ణి, ఊళ్ళో పెద్దవాళ్ళు పండగ చేశారంట. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీలకి గవర్నమెంటు భూమి లీజుకివ్వకూడదు, తవ్వితే గవర్నమెంటు సంస్థ తవ్వాలి లేదా గిరిజనుల సొసైటీ తవ్వాలి, లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనానికే పెట్టాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత ఏం జరిగిందో తెలుసా, పేర్లు మారాయి. మా మావయ్య పేరు మీద ఒక క్వారీ లీజు ఉండేది. ఆయనకి చదువు లేదు. లారీలు ఇంకొకరివి, డబ్బు ఇంకొకరిది, నెలకి ఒకసారి ఎవరో వచ్చి ఆయన చేతిలో కొంత పెట్టి కాగితాల మీద వేలిముద్ర వేయించుకుని పోయేవాడు. ఓనర్ ఎవరంటే మా మావయ్య. దుమ్ము తాగింది కూడా మా మావయ్యే. ఓనర్‌షిప్ అనే మాట వినగానే మీకు చెక్కు కనిపిస్తుందేమో, నాకు ఆ వేలిముద్ర కనిపిస్తుంది.

#12 రావు_సీనియర్
బాబూ మీది చింతపల్లా. నేను నర్సీపట్నంలో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను.

#13 లెక్కల_మాస్టారు
వేలిముద్ర ఉదాహరణ ఇక్కడ సరిపోదు. ఇక్కడ ముప్పైకి పైగా నేషన్స్ కలిసి పెట్టుకున్న పార్టనర్‌షిప్, సొంత లాయర్లు, సొంత ఆడిటర్లు. బినామీ వేరు, మైనారిటీ షేర్ హోల్డర్ వేరు.

#14 కాల్గరీ_బావ
కొండగాలి బ్రో మీ మావయ్య గురించి బాధగానే ఉంది కానీ అది మన అవినీతి, దాన్ని తెచ్చి కెనడాకి అంటించకు. అసలు నాకు చిర్రెత్తేది ఎక్కడంటే, 2020 ఫిబ్రవరి గుర్తుందా, కోస్టల్ గ్యాస్‌లింక్ అనే గ్యాస్ పైప్‌లైన్ గొడవలో రైలు పట్టాల మీద కూర్చుంటే దేశంలో చాలా రైళ్ళు ఆగిపోయాయి. ఆ లైన్‌కి 20 ఫస్ట్ నేషన్స్ కౌన్సిళ్ళు సంతకాలు పెట్టాయి, ఐనా కొంతమంది పెద్దలు ఒప్పుకోలేదని మొత్తం ఆగాలా? ట్రాన్స్ మౌంటెన్ ఆయిల్ పైప్‌లైన్ చూడు, 2018లో గవర్నమెంటు 4.5 బిలియన్‌కి కొంది, కేసులు, వాయిదాలు, చివరికి 2024లో నడిచేసరికి 34 బిలియన్. ఆ ఆలస్యాల్లో నాలాంటివాళ్ళ ఉద్యోగాలు ఎన్ని పోయాయో లెక్కుందా? సరే, వాటా ఇస్తే కేసులు వెయ్యరు అంటే ఇవ్వండి, నేను కూడా ఒప్పుకుంటా, గ్యారంటీ కూడా ఇవ్వండి. డబ్బు తీసుకున్నాక మాత్రం రోడ్డు మీదకి రాకూడదు. నువ్వు ఆ గ్యారంటీ ఇప్పించగలవా?

#15 కొండ_గాలి
ఇదిగో, పద్నాలుగు పోస్టులయ్యాక ఇప్పుడొచ్చింది అసలు మాట. నీ బాధ టాక్స్ డబ్బు కాదు. వాళ్ళు నోరు మూసుకుంటే డబ్బివ్వడానికి నీకు అభ్యంతరమే లేదు. గవర్నమెంటు ఆలోచన కూడా దీనికి దూరంగా ఏమీ లేదని నా అనుమానం. నువ్వు కొంతమంది పెద్దలు అన్నావే, వాళ్ళు వెట్‌సువెటెన్ అనే ఫస్ట్ నేషన్ వంశపు పెద్దలు. ఆ కౌన్సిళ్ళని పెట్టింది ఇండియన్ యాక్ట్, వాటి చేతిలో ఉన్నది రిజర్వ్. ఆ బయట ఉన్న అడవి, నది పెద్దల కింద ఉన్నాయని వాళ్ళ చట్టం. డెల్గమూక్ కేసులో కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది వీళ్ళే, గిట్‌క్సాన్ వాళ్ళతో కలిసి. భూమి మీద ఆదివాసీ హక్కు చచ్చిపోలేదని కోర్టు చెప్పింది కూడా 1997లోనే, డిసెంబర్‌లో. మాకు జులైలో, వాళ్ళకి డిసెంబర్‌లో. రెండు చోట్లా కోర్టు చెప్పాకే కొత్త దారులు వెతకడం మొదలైంది. మా దగ్గర బాక్సైట్‌కి 2015లో జీవో 97 ఇచ్చారు, గవర్నమెంటు సంస్థ తవ్వుతుంది, మీకు లాభం అన్నారు. మేం లాభం వద్దన్నాం, కొండ ఉంచండి అన్నాం. 2019లో రద్దు చేశారు. నాలుగేళ్ళు తిరిగాం దానికి. అప్పుడు ఎవడైనా మా ఊరివాళ్ళ చేతికి షేర్లు ఇచ్చుంటే ఊరు రెండయ్యేది.

#16 సుజాత_ఎడ్మంటన్
తమ్ముడూ నీ కోపం అర్థమవుతోంది కానీ ఒక్క మాట అడుగుతా. వాటా కొన్నవాళ్ళంతా మోసపోయినవాళ్ళు, వద్దన్నవాళ్ళే తెలివైనవాళ్ళు అన్నట్టు రాస్తున్నావు. కిటిమాట్‌లో హైస్లా అనే ఫస్ట్ నేషన్ వాళ్ళని చూడు. గ్యాస్‌ని ద్రవంగా మార్చి ఎగుమతి చేసే సీడర్ ఎల్‌ఎన్‌జీ ప్రాజెక్టులో వాళ్ళది 50.1 శాతం, కంపెనీది 49.9. వేలిముద్ర కాదు, మెజారిటీ. ఒంటారియోలో వాటేనికనేయాప్ అని కరెంటు లైన్ ఉంది, 24 ఫస్ట్ నేషన్స్‌ది 51 శాతం, సుమారు 1,800 కిలోమీటర్లు, అప్పటిదాకా డీజిల్ జనరేటర్ల మీద బతికిన ఊళ్ళకి కరెంటు తెచ్చారు. నేను లెక్కలు చూసే ఆఫీసులో ఒక బ్యాండ్, అంటే ఒక ఫస్ట్ నేషన్ ఊరి, ఫైనాన్స్ మేనేజర్ ఉంది, ఆవిడ నాతో అన్నది ఇది: గ్రాంటు అడిగితే ఏ ఖర్చుకి అని ఒట్టావాకి, అదే ఫెడరల్ గవర్నమెంటుకి, చెప్పాలి, డివిడెండ్ వస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు. నీళ్ళ ప్లాంటు బాగుచేసుకుంటారో పిల్లల భాష బడి పెట్టుకుంటారో వాళ్ళిష్టం. అది స్వేచ్ఛ కాదా? కొండ ఉంచండి అనే హక్కు నీకెంత ఉందో, వాటా కావాలి అనే హక్కు వాళ్ళకీ అంతే ఉంది. నువ్వు కూడా వాళ్ళ తరఫున నిర్ణయం చేసేస్తున్నావు, బావగారు చేసినట్టే.

#17 లెక్కల_మాస్టారు
డివిడెండ్ అంటున్నారు, మొదటి ఏళ్ళలో అద్దెలో పెద్ద భాగం వాయిదాలకే పోతుంది, చేతికి మిగిలేది తక్కువ. ముప్పై ఏళ్ళ తర్వాత గ్యాస్ వాడకం తగ్గితే పాత పైపు ఎవరి చేతిలో ఉంటుంది? కంపెనీ వాటా అమ్మి ఆ డబ్బు ఈరోజే తీసుకుంటోంది. ఎందుకు అమ్ముతోందో ఎవరూ అడగలేదు.

#18 నాని_విండ్సర్
మాస్టారు మొదటిసారి పనికొచ్చే మాట అన్నారు

#19 కొండ_గాలి
అక్కా, వాళ్ళు మోసపోయారని నేననలేదు, అనిపించేలా రాసుంటే తప్పే. హైస్లా వాళ్ళు హైస్లా వాళ్ళే, వాళ్ళ ఊరు వాళ్ళది. నేనడిగేది ఇది. వాటా కొంటాం అనే ఊరికి 10 బిలియన్ గ్యారంటీ సిద్ధంగా ఉంది. పక్కనే ఇంకో ఊరు, వద్దు, మా చేపలు మాకుంటే చాలు అంటుంది. ఆ ఊరికి కూడా నీళ్ళ ప్లాంటు కావాలి, భాష బడి కావాలి. దానికి ఏమిస్తున్నారు? అవునంటే డబ్బు, కాదంటే సున్నా. అలాంటప్పుడు అవును అన్నదాన్ని ఇష్టంతో అన్నారని ఎలా చెప్పగలం? ఆల్బర్టాలో ఇసుకలోంచి ఆయిల్ తీసే టార్ శాండ్స్ గనుల దిగువ ఊళ్ళవాళ్ళని అడిగి చూడు.

#20 సుజాత_ఎడ్మంటన్
దీనికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. కరెంటు లైన్లకీ గాలిమరలకీ కూడా గ్యారంటీ వస్తుంది కాబట్టి పైపు ఒక్కటే దారి కాదు, అంతవరకు చెప్పగలను. కానీ కాదన్న ఊరికి ఏమిస్తారంటే, మళ్ళీ అదే గ్రాంటు, అదే దరఖాస్తు. నిజమే. ఐనా వాటా స్కీము తీసేస్తే ఆ ఊరికి ఒరిగేదేంటి, అవునన్న ఊరికి కూడా సున్నా అవుతుంది, అంతేగా. నేనక్కడే ఆగిపోయాను.

#21 రావు_సీనియర్
చింతపల్లి బాబూ, లంబసింగి దగ్గర చలి ఇంకా అలాగే ఉంటుందా.

#22 కొండ_గాలి
ఉంటుంది తాతగారూ. ఇక్కడి చలి ముందు అది చలే కాదు లెండి. షిఫ్ట్ ఉంది, వెళ్తున్నా.

#23 కాల్గరీ_బావ
అందరూ కొండలూ చేపలూ అంటున్నారు, కోపంలో నువ్వు గివ్వు అన్నందుకు సారీ బ్రో, అది వదిలేయ్. కానీ మొదటి పోస్టులో నేనడిగింది ఇప్పటికీ అలాగే ఉంది. 400 మిలియన్ కట్టకపోతే ఎవరు కడతారు?

#24 నాని_విండ్సర్
ఏడో పోస్టు రెండో లైను బావా.

#25 కాల్గరీ_బావ
చదివా. గవర్నమెంటు అని ఉంది. గవర్నమెంటు అంటే ఎవరు?